ఇష్ స్మిత్ పదమూడు జట్లు: జట్ల మధ్య తిరిగే (జర్నీమన్) ఆటగాడి కెరీర్‌ను ఎలా కొలవాలి?

మొదటిపాస్

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చరిత్రలో అందరికంటే ఎక్కువ జట్లకు ఆడిన రికార్డు ఇష్ స్మిత్ పేరు మీద ఉంది. వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఆరడుగుల పాయింట్ గార్డ్, అంటే కోర్టు మీద ఆటను నడిపించేవాడు. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2010లో, ఏ జట్టూ ఎంచుకోలేదు. మూడు పాయింట్ల గీత బయటి నుంచి అతని షాట్‌ను ఎవరూ పెద్దగా భయపడి కాపలా కాయలేదు. అయినా హ్యూస్టన్‌లో మొదలుపెట్టి మెంఫిస్, గోల్డెన్ స్టేట్, ఒర్లాండో, మిల్వాకీ, ఫీనిక్స్, ఓక్లహోమా సిటీ, ఫిలడెల్ఫియా, న్యూ ఓర్లీన్స్, డెట్రాయిట్, వాషింగ్టన్, షార్లెట్ మీదుగా 2022లో డెన్వర్ చేరాడు. 2023 జూన్‌లో డెన్వర్ మయామీని 4-1తో ఓడించి తన తొలి టైటిల్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. ఆ తర్వాత మళ్లీ షార్లెట్‌కు ఇంకో సీజన్ ఆడాడు.

ఎక్కడ చూసినా ఇతని ప్రస్తావన క్విజ్ ప్రశ్నగానే వస్తోంది. ‘పదమూడు జట్లకు ఆడినది ఎవరు?’ అని అడిగి, జవాబు చెప్పేసి, ముందుకు వెళ్లిపోతున్నారు. పద్నాలుగు సీజన్లు ఎన్‌బీఏలో నిలబడిన మనిషికి అంతకంటే మంచి చర్చ దక్కాలి. కాలికి బలపం కట్టుకుని తిరిగిన ఇలాంటి కెరీర్లను మీరు ఎలా చూస్తారు?

పాతకోర్టు

మంచి ప్రశ్న. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పదమూడు జట్లు పిలిచాయంటే, అతను లేకపోయినా నష్టం లేదని ఆ జట్లన్నీ ఏదో ఒక రోజు అనుకున్నాయి. నాకు ఆటలో విలువైనది ఒక చోట పాతుకుపోవడం.

అదే 2023 ఫైనల్లో అవతలి బెంచి మీద ఎవరున్నారో గుర్తు చేసుకోండి. యుడోనిస్ హస్లెమ్. అతన్ని కూడా 2002 డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. ఫ్రాన్స్ వెళ్లి ఒక ఏడాది ఆడాడు. 2003లో మయామీకి వచ్చాడు, ఇరవై సీజన్లు ఆ ఒక్క జట్టుకే ఆడాడు, మూడు టైటిళ్లు గెలిచాడు. ఇద్దరిదీ ఒకే రకం ఆరంభం. మరి ఒకరికి ఒక్క జట్టు, ఇంకొకరికి పదమూడు ఎందుకయ్యాయి? తేడా ఆటలోనే ఉంది.

మొదటిపాస్

హస్లెమ్ ఉదాహరణ చాలా బాగుంది. కానీ మీరు దాన్ని సగమే చూస్తున్నారు. హస్లెమ్ ఇరవై ఏళ్లలో మయామీ యాజమాన్యం మారలేదు, జట్టు అధ్యక్షుడు పాట్ రైలీ మారలేదు, 2008 నుంచి కోచ్ ఎరిక్ స్పోల్‌స్ట్రా మారలేదు. తనను మొదట నమ్మినవాళ్లే చివరి వరకు అక్కడ ఉన్నారు. ఇష్ స్మిత్‌కు అలాంటి నీడ ఒక్క చోట కూడా దొరకలేదు. మొదటి సీజన్ పూర్తి కాకుండానే, 2011 ఫిబ్రవరిలో, హ్యూస్టన్ అతన్ని మార్పిడి (ట్రేడ్) కింద మెంఫిస్‌కు ఇచ్చేసింది.

స్కోరుబుక్కు

ఆటగాడి ప్రతిభ గురించి మాట్లాడే ముందు కాంట్రాక్టు నిబంధనలు చూడాలి. జట్లు మారడంలో సగం కారణం అక్కడే ఉంది.

ఎన్‌బీఏ జట్టులో మామూలు కాంట్రాక్టుపై పదిహేను మంది ఉంటారు. మొదటి ఎనిమిది, తొమ్మిది మంది స్థానాలకు ఢోకా ఉండదు. చివరి మూడు నాలుగు కుర్చీల కోసమే అసలు పోరు. ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లలో చాలామందికి కనీస వేతన కాంట్రాక్టే దొరుకుతుంది, అది చాలాసార్లు పూర్తి హామీ లేకుండా ఉంటుంది. జనవరి 10 నాటికి జట్టులో ఉంటేనే మిగతా సీజన్ జీతానికి హామీ. వదిలేసిన ఆటగాణ్ణి వేరే జట్లు తీసుకోవడానికి ఉండే వేవర్ గడువు 48 గంటలు కాబట్టి, వదిలేయాలనుకున్న జట్టు జనవరి 7 లోపే నిర్ణయం తీసుకుంటుంది. డిసెంబరు చివరి వారం నుంచి జనవరి మొదటి వారం దాకా ఈ ఆటగాళ్ల పరిస్థితి గాలిలో దీపం.

ఇంకో సంగతి. అనుభవం పెరిగేకొద్దీ కనీస వేతనం పెరుగుతుంది. అలా అయితే జట్లు పాతవాళ్లను తీసుకోవడం మానేస్తాయని లీగ్ ఒక ఏర్పాటు చేసింది. మూడేళ్లు, అంతకు మించి అనుభవం ఉన్న ఆటగాడితో ఒక్క ఏడాది కనీస వేతన కాంట్రాక్టు చేసుకుంటే, జట్టు లెక్కలో రెండేళ్ల అనుభవం ఉన్నవాడి వేతనమే పడుతుంది, మిగతాది లీగ్ భరిస్తుంది. పాతవాళ్లకు పని దొరకడానికి ఇది మంచిదే. కానీ ఈ వెసులుబాటు ఏడాది కాంట్రాక్టుకే వర్తిస్తుంది. అంటే రెండేళ్లు ఇవ్వడానికి జట్టుకు ప్రోత్సాహమే లేదు. ప్రతి జూలైలో మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఇది తెలియకుండా ‘ఎవరూ ఉంచుకోలేదు’ అనడం సరికాదు.

నీలిజెర్సీ

పది రోజుల కాంట్రాక్టు గురించి కూడా రాయండి స్కోరుబుక్కు గారూ. చాలామందికి తెలిసింది పేరు మాత్రమే.

స్కోరుబుక్కు

తప్పకుండా. ఏటా జనవరి 5 నుంచి జట్లు ఈ కాంట్రాక్టు ఇవ్వవచ్చు. వ్యవధి పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, ఏది ఎక్కువైతే అది. ఒక సీజన్‌లో ఒకే జట్టు ఒకే ఆటగాడికి రెండుసార్లు మాత్రమే ఇవ్వగలదు. ఆపైన కావాలనుకుంటే సీజన్ చివరి దాకా ఉంచుకోవాలి, లేకపోతే వదిలేయాలి.

చక్కీ బ్రౌన్ ఈ దారిలో వచ్చినవాడే. 1989లో క్లీవ్‌లాండ్ ఎంచుకుంది. తర్వాత ఊళ్లు పట్టుకు తిరిగి, సీబీఏ అనే చిన్న లీగ్‌లో ఆడుతూ 1995లో సీజన్ మధ్యలో హ్యూస్టన్‌కు వచ్చాడు. ఆ జూన్‌లో హ్యూస్టన్ టైటిల్ గెలిచింది. ఇష్ స్మిత్ కంటే ముందు పన్నెండు జట్ల రికార్డు పంచుకున్న నలుగురిలో అతనొకడు. మిగతా ముగ్గురు జిమ్ జాక్సన్, టోనీ మాసెన్‌బర్గ్, జో స్మిత్.

ఎడమరెక్క

మాసెన్‌బర్గ్ కథ నాకెంతో ఇష్టం. 1990లో శాన్ ఆంటోనియో ఎంచుకుంది. అక్కడి నుంచి వెళ్లి లీగ్ అంతా తిరిగాడు. చివరికి 2005లో మళ్లీ శాన్ ఆంటోనియోతోనే టైటిల్ గెలిచాడు. ఎన్‌బీఏలో అతనికి అదే చివరి సీజన్.

సైడ్‌లైన్

నేను కాలేజీ జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేశాను కాబట్టి ఒక విషయం దగ్గరగా చూశాను. అది ఈ చర్చలో ఇంకా రాలేదు: కొత్త జట్టులో గార్డ్ పని.

బుట్ట దగ్గర సెంటర్‌గా ఆడేవాడు కొత్త జట్టులో చేరితే తన స్థానం, తన స్క్రీన్ (సహచరుణ్ణి కాచేవాడికి అడ్డుగా నిలబడటం), తన కాపలా నేర్చుకుంటే మొదటి వారం గడిచిపోతుంది. పాయింట్ గార్డ్‌కు ఆ సౌకర్యం లేదు. ఐదుగురూ ఎక్కడ నిలబడాలో అతనికి తెలియాలి. ఎందుకంటే తప్పు చోట నిలబడ్డవాణ్ణి చెయ్యి ఊపి సరిచేయాల్సింది అతనే. పైగా ప్రతి జట్టుకూ సొంత భాష ఉంటుంది. స్క్రీన్ పెట్టి బుట్ట వైపు దూసుకెళ్లే ఒకే పిక్ అండ్ రోల్ ఎత్తుగడను ఒక కోచ్ అంకెతో పిలుస్తాడు, ఇంకో కోచ్ పిడికిలి చూపిస్తాడు. కాపలా వైపు కూడా అంతే. పక్క గీత దగ్గర స్క్రీన్ వస్తే బంతిని మధ్యలోకి రానివ్వకుండా అడ్డుకునే పద్ధతిని ఒక జట్టు ‘ఐస్’ అంటుంది, మరో జట్టు ‘బ్లూ’ అంటుంది, ఇంకోటి ‘డౌన్’ అంటుంది. మంగళవారం దాకా ‘బ్లూ’ అని అరిచినవాడు గురువారం ‘ఐస్’ అని అరవాలి. సగం క్షణం తడబడితే ఎదుటివాడు బుట్ట కింద ఉంటాడు.

ఇప్పుడు గడియారం వేసుకోండి. షాట్‌కు ఉన్నది 24 సెకన్లు. అందులో 8 సెకన్లలో బంతి సగం కోర్టు దాటాలి. మిగిలిన సమయంలో కోచ్ సైగ చూసి, నలుగురికి అందించి, ఎత్తుగడ మొదలుపెట్టాలి. ఆ నలుగురి పేర్లు నిన్ననే తెలిశాయి. ఎవరికి బంతి ఛాతీ ఎత్తులో కావాలో, ఎవరు పరిగెడుతూ అందుకుంటారో ఇంకా తెలియదు. జట్టు ప్రయాణాల్లో ఉంటే పూర్తి ప్రాక్టీసు కూడా దొరకదు. మ్యాచ్ రోజు ఉదయం కాసేపు నడిచి చూపిస్తారు, వీడియో చూపిస్తారు, అంతే.

ఇష్ స్మిత్ ఈ పనిని ఇన్ని జట్లతో, అది కూడా చాలాసార్లు సీజన్ మధ్యలో చేశాడు. నా దృష్టిలో పదమూడు అనే అంకె కంటే ఇది గొప్పది. కోచ్‌లు అలాంటివాణ్ణి ఎందుకు కోరుకుంటారో కోచింగ్ చేసినవాళ్లకు తెలుసు.

మొదటిపాస్

సైడ్‌లైన్ గారూ, ఇలాంటి మాట కోసమే ఈ చర్చ మొదలుపెట్టాను. ధన్యవాదాలు.

దీనికి అతని ఆట తీరు కూడా తోడైంది. ఇష్ స్మిత్ బలం వేగం. రీబౌండ్ (గురి తప్పి తిరిగొచ్చిన బంతి) పట్టినవాడి చేతి నుంచి బంతి అందుకోగానే, ఎదుటి జట్టు కాపలా కుదురుకోక ముందే అవతలి చివరికి చేరేవాడు. షాట్ దొరకకపోతే ఆగిపోడు. బుట్ట కిందుగా బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెంట బంతి ఆడిస్తూ అవతలి వైపు నుంచి బయటికి వచ్చేవాడు. కాపలావాళ్లంతా తలలు తిప్పి అతన్నే చూస్తుంటే మూలన ఉన్న షూటర్ ఖాళీగా దొరికేవాడు. దీనికి పుస్తకంలో ఎత్తుగడ అక్కర్లేదు. ఏ జట్టులోనైనా మొదటి రోజే పనికొస్తుంది.

పాతకోర్టు

సైడ్‌లైన్ గారి వివరణ విలువైనది, ఒప్పుకుంటున్నాను. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. జో స్మిత్‌ను తీసుకోండి. 1995 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట గోల్డెన్ స్టేట్ ఎంచుకున్నది అతన్ని. అదే డ్రాఫ్ట్‌లో, తర్వాత పెద్ద స్టార్ అయిన కెవిన్ గార్నెట్ ఐదో స్థానంలో వెళ్లాడు. మొదటి స్థానంలో వచ్చినవాడు పన్నెండు జట్లు మారాడంటే అది ఆశించిన కెరీర్ కాదు. నిబంధనలు అందరికీ ఒకటే కదా.

స్కోరుబుక్కు

జో స్మిత్ విషయంలో నిబంధనలే కథ, పాతకోర్టు గారూ. మిన్నెసోటా అతనితో రహస్య ఒప్పందం చేసుకుంది. ముందు తక్కువ జీతానికి ఏడాది చొప్పున ఆడితే, తర్వాత భారీ కాంట్రాక్టు ఇస్తామని మాట ఇచ్చింది. అది 2000లో బయటపడింది. కమిషనర్ డేవిడ్ స్టెర్న్ కాంట్రాక్టులు రద్దు చేశాడు, మిన్నెసోటాకు 35 లక్షల డాలర్ల జరిమానా వేశాడు, మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కులు తీసేశాడు (కొన్ని తర్వాత తిరిగి ఇచ్చారు). జో స్మిత్ ఒక సీజన్ డెట్రాయిట్‌కు ఆడి, 2001లో మళ్లీ మిన్నెసోటాకే వచ్చాడు. అతను కుదురుకోవాలనుకున్న ఊరే అది. తర్వాత మిల్వాకీ, డెన్వర్, ఫిలడెల్ఫియా, చికాగో, క్లీవ్‌లాండ్, ఓక్లహోమా సిటీ, అట్లాంటా, న్యూజెర్సీ, చివర్లో లేకర్స్.

అతని మీద పెట్టుకున్న ఆశ పెద్దది, అది తీరలేదు, నిజమే. కానీ ఆ ఆశ పోయాక కూడా పదేళ్లు ఆడాడు. రీబౌండ్లు పట్టాడు, బెంచి మీద నుంచి వచ్చాడు, పదిహేను అడుగుల షాట్ వేశాడు. నంబర్ వన్‌గా వచ్చినవాడు అలాంటి చిన్న పాత్రకు ఒదిగిపోవడం తేలిక కాదు.

ఎడమరెక్క

ఎన్‌బీఏ లోపల తిరిగినవాళ్ల గురించే మాట్లాడుతున్నాం. గుమ్మం బయట ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లు ఉన్నారు.

ఆండ్రే ఇన్‌గ్రామ్. భౌతికశాస్త్రంలో డిగ్రీ ఉంది. పదేళ్ల పాటు ఎన్‌బీఏ అనుబంధ చిన్న లీగ్‌లో, ఇప్పుడు జీ లీగ్ అంటున్న దానిలో, 384 మ్యాచ్‌లు ఆడాడు. జీతం సరిపోక గణితం ట్యూషన్లు చెప్పాడు. 2018 ఏప్రిల్‌లో, సీజన్‌లో రెండే మ్యాచ్‌లు మిగిలి ఉండగా, లేకర్స్ పిలిచింది. అప్పటికి వయసు 32, తలలో నెరిసిన వెంట్రుకలు కనిపిస్తున్నాయి. ఏప్రిల్ 10న హ్యూస్టన్ మీద మొదటి మ్యాచ్. వచ్చీరాగానే మొదటి షాట్ పడింది, తర్వాతిదీ పడింది. ఎనిమిది షాట్లలో ఆరు పడ్డాయి, అందులో మూడు పాయింట్ల షాట్లు ఐదు వేస్తే నాలుగు. మొత్తం 19 పాయింట్లు. సొంత స్టేడియం ప్రేక్షకులు ‘ఎంవీపీ’ (అత్యంత విలువైన ఆటగాడు) అని నినాదాలు చేశారు. లేకర్స్ ఆ మ్యాచ్ ఓడిపోయింది, కానీ ఆ రాత్రి ఎవరూ ఓటమి గురించి మాట్లాడలేదు.

ఆ వీడియో చూసిన ప్రతిసారీ నాకు కళ్లు చెమరుస్తాయి.

నీలిజెర్సీ

2018-19 నుంచి జీ లీగ్ సీజన్ జీతం 35,000 డాలర్లు చేశారు. అంతకు ముందు ఇంకా తక్కువ. విదేశాలకు వెళ్తే దీనికి ఎన్నో రెట్లు వస్తుంది. అయినా చాలామంది అక్కడే ఉంటారు, ఎందుకంటే ఎన్‌బీఏ జట్టు ఫోన్ చేస్తే మర్నాటికే చేరుకోవచ్చు. ఎంచుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఇంట్లో పిల్లలుంటే మరీ కష్టం.

దూరతీరం

విదేశీ లీగ్‌ల సంగతి నేను చెబుతాను, కొన్నేళ్లుగా యూరప్ లీగ్‌లు చూస్తున్నాను.

అక్కడ కాంట్రాక్టు మొత్తం చాలాసార్లు పన్నులు పోను చేతికొచ్చే సొమ్ముగా రాస్తారు. ఇల్లు, కారు జట్టే ఇస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ విదేశీ ఆటగాళ్ల సంఖ్య మీద చాలా లీగ్‌లలో పరిమితి ఉంటుంది. అందుకే జట్టు ఓడిపోతే మొదట మాట పడేది, మొదట పంపించేది వాళ్లనే. జీతాలు నెలల తరబడి ఆపేసిన జట్లూ ఉన్నాయి. ఆ గొడవలు తేల్చడానికే ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2007లో జెనీవా కేంద్రంగా ఒక మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసింది. అది వచ్చాక ఆటగాళ్లకు కొంత ధైర్యం వచ్చింది.

ఈ దారిలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు పీజే టక్కర్. 2006లో టొరంటో రెండో రౌండ్‌లో ఎంచుకుంది. 17 మ్యాచ్‌లు ఆడాక వదిలేసింది. మూటాముల్లె సర్దుకుని ఇజ్రాయెల్ వెళ్లాడు. 2008లో హపోయెల్ హోలోన్‌తో అక్కడి లీగ్ గెలిచాడు, ఏళ్ల తరబడి మకాబీ టెల్ అవీవ్ చేతిలో ఉన్న టైటిల్ అది. ఆ తర్వాత ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ. 2012లో బాంబెర్గ్‌తో జర్మనీ టైటిల్ గెలిచి, అదే ఏడాది ఫీనిక్స్‌తో ఎన్‌బీఏకు తిరిగొచ్చాడు. యూనివర్సిటీలో స్కోరర్‌గా పేరున్నవాడు, ఎన్‌బీఏలో మూలన నిలబడి మూడు పాయింట్ల షాట్ వేస్తూ, తనకంటే పొడవైనవాళ్లను కాపలా కాసే మనిషిగా మారాడు. 2021లో మిల్వాకీతో టైటిల్ గెలిచాడు.

ఆ అయిదారేళ్లు బయట ఉండకపోతే ఆ టక్కర్ ఉండేవాడు కాదు.

ఆరోమనిషి

గ్యారీ పేటన్ టూ పేరు ఎవరూ తలవలేదు. తండ్రి హాల్ ఆఫ్ ఫేమ్ గార్డ్, కొడుకును మాత్రం ఎన్నో జట్లు వదిలేశాయి. 2021 అక్టోబరులో గోల్డెన్ స్టేట్ ఇతన్ని వదిలేసి, కొద్ది రోజులకు చివరి స్థానంలో మళ్లీ తీసుకుంది. జట్టులో చోటు దొరకకపోతే వీడియో విభాగంలోనైనా ఉద్యోగం ఇమ్మని అదే జట్టును అడిగాడు. 2022 ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ)లో మోచెయ్యి విరిగింది, ఫైనల్స్‌కు తిరిగొచ్చాడు, టైటిల్ గెలిచాడు. ఆ వేసవిలో పోర్ట్‌లాండ్ మూడేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది.

జెరెమీ లిన్‌ది కూడా ఇలాంటిదే. 2011 డిసెంబరులో గోల్డెన్ స్టేట్ వదిలేసింది, క్రిస్మస్ ముందు రోజు హ్యూస్టన్ వదిలేసింది. న్యూయార్క్ తీసుకుంది. ఆ కాంట్రాక్టుకు పూర్తి హామీ వచ్చేది ఫిబ్రవరి 10న. ఫిబ్రవరి 4న న్యూజెర్సీ మీద 25 పాయింట్లు కొట్టాడు. ఆ రాత్రి కోచ్‌కు గార్డ్‌లు సరిపడా ఉండి ఉంటే మనకు అతని పేరే తెలిసేది కాదేమో.

పాతకోర్టు

ఇవన్నీ చదివాక ఒకటి అడగాలనిపిస్తోంది. టక్కర్, పేటన్, లిన్ చివరికి ఏదో ఒక చోట గట్టిగా వెలిగారు. ఇష్ స్మిత్ ఎక్కడ వెలిగాడు? డెన్వర్ టైటిల్ ప్లేఆఫ్స్‌లో అతను కోర్టు మీద కనిపించింది అతి తక్కువ.

మొదటిపాస్

ఫిలడెల్ఫియాలో. ఇది కాస్త వివరంగా చెప్పనివ్వండి.

2014-15 సీజన్ చివరి భాగం అక్కడే ఆడాడు. వేసవిలో ఫిలడెల్ఫియా అతన్ని ఉంచుకోలేదు, న్యూ ఓర్లీన్స్ వెళ్లాడు. 2015 క్రిస్మస్ నాటికి ఫిలడెల్ఫియా 31 మ్యాచ్‌లలో 30 ఓడిపోయింది. జట్టు నిండా యువకులు, పొడవైనవాళ్లు. వాళ్లకు బంతి అందించేవాడే లేడు. అప్పుడు ఫిలడెల్ఫియా రెండు రెండో రౌండ్ డ్రాఫ్ట్ హక్కులు ఇచ్చి ఇష్ స్మిత్‌ను వెనక్కి తెచ్చుకుంది. ఆరు నెలల ముందు ఊరికే వదిలేసిన మనిషి కోసం! అతను వచ్చాక ఆడిన మొదటి మ్యాచ్‌లోనే, ఫీనిక్స్‌లో, గెలిచింది. ఆ సీజన్ మొత్తం మీద జట్టు గెలిచినవి పదే, కాబట్టి అద్భుతం జరిగిందని అనను. కానీ ఇష్ స్మిత్ అక్కడ మ్యాచ్‌కు సగటున 14.7 పాయింట్లు, 7 అసిస్ట్‌లు (బుట్టకు దారితీసిన పాస్‌లు) చేశాడు. జట్టు పొడగరి నెర్లెన్స్ నోయెల్‌కు బుట్ట దగ్గర గాల్లో బంతి అందడం మొదలైంది.

ఆ సగం సీజన్ చూసే డెట్రాయిట్ 2016లో మూడేళ్లకు 1.8 కోట్ల డాలర్లు ఇచ్చింది. మూడేళ్లూ అక్కడే ఉన్నాడు. తర్వాత వాషింగ్టన్‌లో రెండేళ్లు. పాతుకుపోవడం చేతకాని మనిషి కాదు. పిలిచినవాళ్లు ఉంచుకుంటే ఉన్నాడు.

ఇంకోటి గమనించండి. ఫిలడెల్ఫియా రెండోసారి తీసుకుంది. వాషింగ్టన్ 2022లో షార్లెట్ నుంచి రెండోసారి తీసుకుంది. షార్లెట్ 2023లో రెండోసారి తీసుకుంది. ఎన్ని జట్లు వదిలేశాయని లెక్కపెట్టేవాళ్లు, వదిలేశాక మళ్లీ ఎన్ని పిలిచాయో కూడా లెక్కపెట్టాలి. ఒకసారి కలిసి పనిచేసినవాళ్లు, గుణదోషాలన్నీ తెలిసినవాళ్లు మళ్లీ పిలవడం కంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది?

సైడ్‌లైన్

పూర్తిగా ఏకీభవిస్తున్నాను. లాకర్ రూమ్‌లో ఇబ్బంది పెట్టేవాణ్ణి రెండోసారి ఎవరూ పిలవరు. పదిహేనో స్థానానికి అసలే పిలవరు.

నీలిజెర్సీ

ఒక ప్రశ్న. ఇలా తిరిగినవాళ్లకు ఆట ముగిశాక ఏమైనా మిగులుతుందా?

స్కోరుబుక్కు

మూడేళ్ల సర్వీసు పూర్తయితే ఎన్‌బీఏ పెన్షన్‌కు అర్హత వస్తుంది. రిటైరైన ఆటగాళ్ల ఆరోగ్య బీమాను 2016లో ఆటగాళ్ల సంఘం తీర్మానించింది, దానికీ మూడేళ్లే అర్హత. అందుకే రెండేళ్లు ఆడి మూడో ఏడాది అంచున ఉన్నవాడికి ఒక పది రోజుల కాంట్రాక్టు ఎంత విలువైనదో బయటివాళ్లు ఊహించలేరు. ఇష్ స్మిత్ ఆ గీతను ఎప్పుడో దాటాడు. గీతకు ఇవతలే ఆగిపోయినవాళ్లు చాలామంది, వాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు.

పాతకోర్టు

ఫిలడెల్ఫియా మ్యాచ్‌లు ఈ వారాంతంలో కూర్చుని చూస్తాను. నా ఓటు ఇప్పటికీ హస్లెమ్‌కే. కానీ ఆ సగం సీజన్‌లో ఏ మ్యాచ్ చూడాలో చెప్పండి మొదటిపాస్ గారూ.

మొదటిపాస్

ఫీనిక్స్‌లో ఆడినదాంతో మొదలుపెట్టండి, 2015 డిసెంబరు 26. స్కోరు చూడకండి. నోయెల్ స్క్రీన్ పెట్టి బుట్ట వైపు తిరిగిన ప్రతిసారీ బంతి ఎటు నుంచి వస్తోందో చూడండి.